మెత్తబడిన బ్రేకు: పాత కార్లలో లోపనిర్ధారణ, మరమ్మతు

బ్రేకు పెడల్‌ను తొక్కినప్పుడు అది కాలికి గట్టిగా ఎదురు నిలవకుండా స్పాంజిలా అణగిపోవడాన్ని, లేదా పట్టు దొరికేలోగా సగానికి పైగా లోపలికి దిగిపోవడాన్ని మెకానిక్ షెడ్లలో ‘బ్రేకు మెత్తబడింది’ అంటారు. పిలిచే పేరు ఒకటే అయినా దీని వెనుక కనీసం నాలుగు వేర్వేరు లోపాలు ఉంటాయి. వాటిలో ఏది ఉందో తేల్చకుండానే ‘గాలి తీసి’ పని ముగించే అలవాటు వల్ల, మరమ్మతు చేయించుకున్న కారు కొద్ది వారాలకే అదే ఫిర్యాదుతో మళ్ళీ షెడ్డుకు వస్తుంది. మూసి ఉన్న గొట్టాల్లోకి గాలి దానంతటది రాదు కనుక, గాలి దొరికినంత మాత్రాన కారణం దొరికినట్టు కాదు.

ఇక్కడ పాత కార్లంటే ప్రధానంగా భారతదేశపు రోడ్ల మీద దీర్ఘకాలం తిరిగి, ఇప్పటికీ కొందరి ఇళ్ళలో పదిలంగా ఉన్న మూడు తరగతుల కార్లు: మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి నమూనా మీద హిందుస్థాన్ మోటార్స్ 2014 దాకా తయారుచేసిన అంబాసిడర్, ఫియట్ 1100 ఆధారంగా వచ్చిన ప్రీమియర్ పద్మిని, 1983 డిసెంబరులో మార్కెట్లోకి వచ్చిన మారుతి 800. మొదటి రెండింటి మూల నమూనాలు 1950ల నాటివి కాబట్టి వాటి పాత తరాల్లో నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే ఉండేవి. తర్వాతి మారుతి 800లో ముందు చక్రాలకు డిస్కులు, వెనుక చక్రాలకు డ్రమ్ములు ఉంటాయి. డిస్కు బ్రేకులో ప్యాడ్ అరిగిన కొద్దీ పిస్టన్ తనంతట తానే ముందుకు జరిగి ఖాళీని పూడ్చుకుంటుంది. పాత డ్రమ్ములో చాలావరకు ఆ పని మనిషి చేతితో, పానా పట్టి చేయాల్సిందే. మెత్త బ్రేకు ఫిర్యాదుల్లో పెద్ద భాగానికి మూలం ఈ తేడాలోనే ఉంది.

పనిచేసే తీరు

ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి దాని అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని 17వ శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బ్లేజ్ పాస్కల్ చెప్పిన సూత్రమే హైడ్రాలిక్ బ్రేకుకు ఆధారం. దీన్ని కారుకు పనికివచ్చేలా మలిచినవాడు అమెరికాకు చెందిన మాల్కం లాగ్‌హెడ్. ఈయన ఇంటిపేరే తర్వాత లాక్‌హీడ్‌గా మారి, పాత బ్రేకు విడిభాగాల మీద నేటికీ కనిపిస్తుంది. నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ బ్రేకులతో 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు వచ్చింది. 1924లో క్రైస్లర్ ఈ పద్ధతిని మామూలు ధర కార్లకు తెచ్చినప్పుడు, సిలిండర్లలో ద్రవాన్ని ఆపలేక కారిపోయే తోలు కప్పుల (సీళ్ళ) స్థానంలో రబ్బరు కప్పులు పెట్టడం దాని విజయానికి ముఖ్య కారణమైంది. నూరేళ్ళ తర్వాత కూడా ఈ వ్యవస్థలో ముందుగా ఓడిపోయే భాగం ఆ రబ్బరు కప్పే.

పెడల్ ఒక మీట. కాలు వేసిన బలాన్ని అది సుమారు నాలుగు నుంచి ఆరు రెట్లు చేసి, కడ్డీ ద్వారా మాస్టర్ సిలిండర్ పిస్టన్ మీదికి తోస్తుంది. మాస్టర్ సిలిండర్ అంటే బ్రేకు ఆయిల్ డబ్బాకు అనుసంధానమై, పెడల్ కదలికను ద్రవపు ఒత్తిడిగా మార్చే ప్రధాన సిలిండర్. అక్కడి నుంచి ఉక్కు గొట్టాలు, చక్రాల దగ్గర రబ్బరు హోస్ పైపులు ఆ ఒత్తిడిని చక్రం వద్ద ఉన్న చిన్న సిలిండర్లకు, అంటే డ్రమ్ములో వీల్ సిలిండర్లకు, డిస్కులో కాలిపర్లకు చేరుస్తాయి. మీట బలాన్ని పెంచినంత మేర కదలికను తగ్గిస్తుంది కనుక, మాస్టర్ సిలిండర్ పిస్టన్‌కు దొరికే ప్రయాణం చాలా పరిమితం. మెత్త బ్రేకు కథంతా ఈ పరిమిత ప్రయాణం ఎక్కడ వృథా అవుతోందన్న లెక్కే.

లెక్క వేసి చూస్తే విషయం స్పష్టమవుతుంది. పెడల్ మీట అయిదు రెట్లదనీ, మాస్టర్ సిలిండర్ వ్యాసం 20 మిల్లీమీటర్లనీ అనుకుంటే, పిస్టన్ ముఖ వైశాల్యం 3.14 చదరపు సెంటీమీటర్లు. కాలు 30 కిలోల బలంతో తొక్కితే పిస్టన్ మీద 150 కిలోలు పడి, ద్రవంలో చదరపు సెంటీమీటరుకు దాదాపు 48 కిలోల ఒత్తిడి పుడుతుంది. అంత ఒత్తిడిలో బ్రేకు ఆయిల్ లెక్కలోకి రానంత స్వల్పంగానే కుంచించుకుపోతుంది గానీ, గొట్టంలో చిక్కిన ఒక ఘన సెంటీమీటరు గాలి యాభయ్యో వంతుకు దగ్గరగా అణగిపోతుంది. ఆ ఖాళీని పూడ్చడానికి మాస్టర్ పిస్టన్ 3.2 మిల్లీమీటర్లు, పెడల్ 16 మిల్లీమీటర్లు అదనంగా కదలాలి. ఇక నాలుగు చక్రాల్లోని ఎనిమిది వీల్ సిలిండర్ పిస్టన్లు, అవి కూడా 20 మిల్లీమీటర్లవే అనుకుంటే, డ్రమ్ముకు ఒరిసే షూల లైనింగు అరుగుదల వల్ల ఒక్కొక్కటి ఒక్క మిల్లీమీటరు ఎక్కువ జరగాల్సి వచ్చినా రెండున్నర ఘన సెంటీమీటర్ల ఆయిల్ అదనంగా కావాలి, అంటే పెడల్ 40 మిల్లీమీటర్లు అదనంగా దిగాలి. నాలుగు చక్రాలూ డ్రమ్ములున్న కారులో గాలి కంటే షూల వదులే పెడల్‌ను ఎక్కువ లోతుకు దింపగలదన్న సంగతి ఈ లెక్కలోనే ఉంది. అయినా షెడ్డులో ముందుగా విప్పేది ఎప్పుడూ గాలి తీసే బ్లీడింగ్ నిపుల్‌నే.

కాలు చెప్పే ఆనవాళ్ళు

లోపనిర్ధారణలో మొదటి పనిముట్టు డ్రైవరు పాదమే. కారు కదలకుండా నిలిపి, ఇంజను ఆపి, పెడల్‌ను నెమ్మదిగా, వేగంగా, నిలకడగా మూడు రకాలుగా తొక్కి చూస్తే లోపం ఏ తరగతికి చెందినదో చాలావరకు తేలిపోతుంది.

పెడల్ తొక్కిన కొద్దీ స్ప్రింగులా వెనక్కి తోస్తూ, ఎంత తొక్కినా రాయిలా నిలిచే చోటు రాకపోతే, వ్యవస్థలో గాలి ఉండవచ్చు, లేదా ఏదో ఒక భాగం ఒత్తిడికి సాగుతూ ఉండవచ్చు. పాతబడిన హోస్ పైపు లోపలి నేత పొర తెగినప్పుడు పైపు తొక్కిన ప్రతిసారీ ఉబ్బుతుంది; ఒకరు తొక్కుతుండగా మరొకరు పైపును చేత్తో పట్టుకుంటే ఆ ఉబ్బు వేళ్ళకు తెలుస్తుంది. కొత్త షూల వంపు అరిగిన డ్రమ్ము వంపుతో సరిపోకపోయినా ఇదే లక్షణం కనిపిస్తుంది. షూ మధ్యభాగమో చివరలో మాత్రమే డ్రమ్మును తాకి, మిగతా భాగం వంగుతూ ఉండటంతో పెడల్ మెత్తగా అనిపిస్తుంది. ఇటువంటి కారులో ఎన్నిసార్లు గాలి తీసినా ప్రయోజనం ఉండదు. డ్రమ్మును లేతులో చదును చేయించడమో, షూలను దాని వంపుకు తగ్గట్టు అరగదీయించడమో ఒక్కటే మార్గం. డిస్కు బ్రేకుల్లో కాలిపర్ జారే పిన్నులు తుప్పుతో బిగుసుకున్నప్పుడు కూడా, కదలాల్సిన కాలిపర్ కదలక వంగి, ఈ స్పాంజి గుణం వస్తుంది.

రెండో తరగతిలో పెడల్ మొదటిసారి లోతుగా దిగి, వెంటనే మళ్ళీ తొక్కితే పైనే, గట్టిగా పట్టుకుంటుంది. దీన్ని డ్రైవర్లు ‘రెండు సార్లు కొడితే పడుతుంది’ అంటారు. షూలకూ డ్రమ్ముకూ మధ్య వదులు పెరిగిందనడానికి ఇది దాదాపు కచ్చితమైన ఆనవాలు: మొదటి తొక్కు షూలను దగ్గరకు తెస్తుంది, అవి వెనక్కి పోయేలోగా పడిన రెండో తొక్కు పట్టుగా మారుతుంది. గాలి ఉన్నప్పుడు కూడా వెంటవెంటనే తొక్కితే పెడల్ కొంత పైకి లేస్తుంది గానీ, దానిలోని స్ప్రింగు గుణం పోదు. ఈ తేడాను పాదం గుర్తించగలిగితే సగం పని అయినట్టే. ముందు డిస్కులున్న కారులో ఇదే లక్షణం కనిపిస్తే వీల్ బేరింగుల వదులునూ చూడాలి. బేరింగ్ వదులైతే డిస్కు ఊగి ప్యాడ్లను వెనక్కి నెట్టేస్తుంది, కాబట్టి మలుపులు తిరిగిన తర్వాత మొదటి తొక్కు ఖాళీగా పోతుంది.

మూడోది, పెడల్ పైన పట్టుకున్నట్టే పట్టుకుని, కాలు అలాగే ఉంచితే నెమ్మదిగా నేల దాకా దిగిపోవడం. ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర తేలిగ్గా తొక్కి నిలబడినప్పుడు పెడల్ జారిపోతూ, గట్టిగా ఒక్కసారి తొక్కితే మాత్రం నిలిస్తే, మాస్టర్ సిలిండర్ లోపలి ప్రధాన కప్పు అరిగిందని అర్థం. ఎక్కువ ఒత్తిడి కప్పు అంచును గోడకు అదిమి పెడుతుంది, తక్కువ ఒత్తిడిలో ఆ అంచు పక్కనుంచి ఆయిల్ వెనక్కి జారుకుంటుంది. బయట ఎక్కడా చుక్క కనిపించదు, డబ్బాలో మట్టం తగ్గదు. అందుకే యజమానులు దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. అన్ని లక్షణాల్లోనూ తక్షణం కారు ఆపేయాల్సినది ఇదే. అయితే కాలి బలానికి తోడ్పడే వాక్యూమ్ బూస్టర్ ఉన్న కార్లలో ఒక జాగ్రత్త అవసరం. ఇంజను ఆపి, నాలుగైదు సార్లు తొక్కి, పెడల్ మీద కాలు ఉంచి ఇంజను స్టార్ట్ చేసినప్పుడు పెడల్ కొద్దిగా దిగడం బూస్టర్ సరిగ్గా పనిచేస్తోందనడానికి గుర్తు. అది లోపం కాదు.

నాలుగో తరగతి చల్లగా ఉన్నప్పుడు కనిపించదు. తిరుమల నుంచి దిగే మొదటి ఘాట్ రోడ్డు, అరకు నుంచి అనంతగిరి మీదుగా దిగే దారి వంటి పొడవైన వాలుల్లో గేరు తగ్గించకుండా బ్రేకు మీదే దిగినప్పుడు డ్రమ్ములు కాగి, వీల్ సిలిండర్లోని ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి గాలిలాగే అణగిపోతుంది గనుక, కొండ మీద గట్టిగా ఉన్న పెడల్ దిగువ మలుపు దగ్గరికి వచ్చేసరికి నేలకు తగులుతుంది. కారు గంటసేపు ఆగితే ఆవిరి మళ్ళీ ద్రవమై బ్రేకు యథాస్థితికి వస్తుంది కాబట్టి, మర్నాడు మెకానిక్‌కు చూపించినప్పుడు ఏ లోపమూ దొరకదు. దీనికి కారణం దాదాపు ఎప్పుడూ నీరు పట్టిన పాత ఆయిలే.

బ్రేకు ఆయిల్

వాడుకలో ఆయిల్ అన్నా ఇది నూనె కాదు, గ్లైకాల్ ఈథర్ల రసాయన మిశ్రమం. దీనికి గాలిలోని తేమను పీల్చుకునే స్వభావం ఉంది. డబ్బా మూతకున్న సన్నటి రంధ్రం గుండానే కాక, హోస్ పైపుల రబ్బరు గుండా కూడా తేమ చేరుతుంది. అమెరికా రవాణా శాఖ ప్రమాణాల ప్రకారం డాట్ 3 రకం తాజాగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. 3.7 శాతం నీరు చేరిన తర్వాత ఆ కనీస పరిమితి 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 4 రకానికి ఇవే అంకెలు 230, 155. ఈ రెండూ ఒకదానితో ఒకటి కలుస్తాయి. సిలికాన్‌తో తయారయ్యే డాట్ 5 మాత్రం వీటితో కలవదు, పేరు ఒకేలా ఉన్న డాట్ 5.1 మళ్ళీ గ్లైకాల్ రకమే. ఆయిల్‌లో చేరిన నీరు దాని మరిగే స్థానాన్ని తగ్గించడంతో ఆగకుండా సిలిండర్ గోడలకు లోపలినుంచి తుప్పు పట్టిస్తుంది. రెండేళ్ళకోసారి ఆయిల్ మార్చాలన్న సాధారణ నియమానికి ఇదే ఆధారం. కాకినాడ, విశాఖపట్నం వంటి తేమ నిండిన తీరప్రాంతాల్లో, అందులోనూ తక్కువగా తిరిగే పాత కార్లకు, ఆ గడువును పొడిగించడం తెలివైన పొదుపు కాదు.

డబ్బాలో ఇంజను ఆయిల్ లేదా పవర్ స్టీరింగ్ ఆయిల్ పొరపాటున పోస్తే జరిగే నష్టం వేరు. పెట్రోలియం నూనె తగిలిన బ్రేకు రబ్బరు ఉబ్బి, మెత్తబడి, ఆకారం కోల్పోతుంది. మూత కింది రబ్బరు పొర ఉబ్బి వంకర తిరిగి కనిపించడం దీనికి తొలి గుర్తు. అప్పుడు ఆయిల్ మార్చడం సరిపోదు. మాస్టర్ సిలిండర్ కప్పుల నుంచి హోస్ పైపుల దాకా రబ్బరు ఉన్న ప్రతి భాగాన్నీ మార్చాలి. ఇదే కారణంగా సిలిండర్ భాగాలను పెట్రోలుతోనూ కిరోసిన్‌తోనూ కడగకూడదు. శుభ్రమైన బ్రేకు ఆయిల్ లేదా స్పిరిట్ వాడాలి.

లీకు జాడ

డబ్బాలో మట్టం తగ్గుతుంటే వెతకడం చక్రాల దగ్గర మొదలుపెట్టడం మంచిది. డ్రమ్ము విప్పి, వీల్ సిలిండర్ చివర ఉన్న దుమ్ము రబ్బరు అంచును స్క్రూడ్రైవర్‌తో మెల్లగా ఎత్తితే, లోపల తడి ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. బయటికి పొడిగా కనిపించే సిలిండర్లలో చాలా వాటి గుట్టు ఇక్కడే బయటపడుతుంది. ఆయిల్ తాగిన లైనింగును ఎంత కడిగినా, కాల్చినా మళ్ళీ పనికిరాదు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి డ్రమ్ములోని పొడిని గాలిగొట్టంతో ఊదడం ఊపిరితిత్తులకు హాని. తడి గుడ్డతో తుడవాలి. చక్రాలన్నీ పొడిగా ఉండి, గొట్టాల కీళ్ళ దగ్గర తడి లేకపోయినా మట్టం తగ్గుతుంటే, మాస్టర్ సిలిండర్ వెనుక కప్పు నుంచి ఆయిల్ బూస్టర్ లోపలికి కారుతోందని అనుమానించాలి. బూస్టర్ లేని కారులో అదే లీకు పెడల్ కడ్డీ వెంట దిగి కార్పెట్‌ను తడుపుతుంది. ముందు డిస్కులున్న కార్లలో ప్యాడ్లు అరిగిన కొద్దీ మట్టం మెల్లగా తగ్గడం మాత్రం సహజమే.

బయటి లీకు లేనప్పుడు లోపం మాస్టర్ సిలిండర్లో ఉందా, చక్రాల వైపు ఉందా అని తేల్చడానికి హోస్ పైపులను ఒక్కొక్కటిగా గుండ్రటి అంచుల క్లాంపుతో బిగించి పెడల్ తొక్కి చూస్తారు. అన్నీ బిగించాక పెడల్ పైనే రాయిలా నిలిస్తే మాస్టర్ సిలిండర్ నిర్దోషి. ఒక్కొక్క క్లాంపు తీస్తూ పోతే ఏ చక్రం వద్ద పెడల్ దిగుతుందో లోపం అక్కడే. దశాబ్దాలు దాటిన, బీటలు పడిన హోస్ మీద ఈ ప్రయోగం చేయకూడదు. దాన్ని మార్చేయడమే పరీక్ష.

మరమ్మతు

సిలిండర్ విప్పిన తర్వాత లోపలి గోడను మెత్తటి గుడ్డతో తుడిచి, వెలుతురులో చూసి, గోరు ఆనించి నడపాలి. గోరుకు గుంట తగిలితే కొత్త కప్పుల కిట్ వేయడం డబ్బు దండగ, ఎందుకంటే గుంటల అంచులు కొత్త రబ్బరును కొద్ది రోజుల్లోనే కోసేస్తాయి. అటువంటి సిలిండర్‌ను మార్చాలి, లేదా లేతు పనివారి దగ్గర స్లీవ్, అంటే లోపలి లోహపు తొడుగు, వేయించాలి. కొత్త సిలిండర్ దొరకని నమూనాలకు స్లీవే దిక్కు. పాత కార్ల కిట్లు దుకాణాల్లో ఏళ్ళ తరబడి పడి ఉండి, వాడకముందే రబ్బరు గట్టిపడిన సందర్భాలు తక్కువేమీ కావు. కప్పును వేళ్ళ మధ్య నొక్కి, అది వెంటనే పూర్వరూపానికి వస్తేనే తీసుకోవాలి.

గాలి తీయడానికి ముందే షూలను సర్దాలన్నది ఈ పనిలో అతి ముఖ్యమైన, అతి తరచుగా మరిచిపోయే క్రమం. సర్దుబాటు నట్టును చక్రం బిగుసుకునే దాకా తిప్పి, చక్రం స్వేచ్ఛగా తిరిగేంత మేర మాత్రమే వెనక్కి వదలాలి. హ్యాండ్ బ్రేకు కేబుల్‌ను దీని తర్వాతే ముట్టుకోవాలి. ముందుగా కేబుల్ లాగి బిగిస్తే వదులు షూలు దగ్గరకు వచ్చినట్టు కనిపిస్తాయి గానీ, అసలు సర్దుబాటు తప్పుతుంది.

గాలి తీసే వరుస సాధారణంగా మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలవుతుంది. కుడివైపు స్టీరింగు ఉన్న మన కార్లలో అది తరచుగా వెనుక ఎడమ చక్రం. బ్రేకు గొట్టాలు ఐమూలగా రెండు సర్క్యూట్లుగా విడిపోయిన కార్లలో తయారీదారు చెప్పిన వరుసే పాటించాలి. నిపుల్‌కు పారదర్శకమైన గొట్టం తొడిగి, దాని రెండో కొసను ఆయిల్ ఉన్న సీసాలో ముంచి, ఒకరు పెడల్ తొక్కి పట్టుకున్నప్పుడు మరొకరు నిపుల్ వదిలి, పెడల్ పైకి లేవకముందే బిగించాలి. ఈ వ్యవధిలో డబ్బా ఖాళీ కాకుండా చూడాలి. పాత కారులో ఇక్కడే ఒక ప్రమాదం పొంచి ఉంది. రోజువారీ తొక్కులో పిస్టన్ సిలిండర్ మొదటి సగంలోనే తిరుగుతుంది, అవతలి సగంలో ఏళ్ళుగా తుప్పు పేరుకుంటుంది. గాలి తీసేటప్పుడు పెడల్‌ను నేలదాకా తొక్కితే కప్పు ఆ తుప్పు మీద నడిచి చిరుగుతుంది. ‘గాలి తీయించాక బ్రేకు ఇంకా మెత్తబడింది’ అన్న ఫిర్యాదుకు తరచుగా కారణం ఇదే. పెడల్ కింద ఒక చెక్కముక్క పెట్టి పూర్తిగా దిగకుండా ఆపితే ఈ నష్టం తప్పుతుంది. కొత్తగా అమర్చిన మాస్టర్ సిలిండర్‌ను కారుకు బిగించకముందే బల్ల మీద ఆయిల్ నింపి గాలి తీయాలి.

ఎంత తీసినా బుడగలు ఆగకపోతే నిపుల్ ఎక్కడుందో చూడాలి. గాలి పైకి చేరుతుంది కాబట్టి నిపుల్ ఎప్పుడూ కాలిపర్ పైభాగాన ఉండాలి. కుడి, ఎడమ కాలిపర్లను పొరపాటున అటూ ఇటూ బిగిస్తే నిపుల్ కిందికి వచ్చి, పైన చిక్కిన గాలి ఎన్ని సీసాల ఆయిల్ పోసినా బయటికి రాదు. తుప్పు పట్టిన గొట్టాల స్థానంలో మామూలు రాగి గొట్టం వాడటం కొన్ని షెడ్లలో కనిపించినా, అదురుకు రాగి గట్టిపడి పగులుతుంది కనుక ఉక్కు గొట్టం, లేదా రాగి-నికెల్ మిశ్రమ గొట్టం మాత్రమే తగినవి. విప్పిన ప్రతి రాగి వాషర్‌నూ కొత్తదానితో మార్చాలి.

పని పూర్తయ్యాక పెడల్‌ను ఒక నిమిషం పాటు తేలిగ్గానూ, గట్టిగానూ తొక్కి పట్టుకుని, అది కొంచెం కూడా దిగకపోతేనే, ఖాళీ స్థలంలో తక్కువ వేగంతో మొదట నడిపి చూడాలి. కొత్త షూలు డ్రమ్ముకు ఒదిగే దాకా, అంటే మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో, వదులు మళ్ళీ పెరుగుతుంది. ఆ తర్వాత మరొకసారి సర్దాలి. ఆయిల్ పోసిన తేదీని చిన్న చీటీ మీద రాసి బానెట్ లోపలివైపు అతికించే యజమానులు రెండేళ్ళ గడువును జ్ఞాపకం మీద వదిలేయరు. మూత తీసిన సీసాలో మిగిలిన ఆయిల్ కూడా తేమ పీల్చుకుంటుంది కాబట్టి, దాన్ని తర్వాతి విడత కోసం దాచకుండా కొత్త సీసా కొనాలి.